కోటకి రెండు టికెట్లు

వంశధార లోయలో చూడదగ్గవన్నీ చూసిన మనిషి ఎవరని అడిగితే నేను మా తవిటమ్మత్త పేరే చెబుతాను. నవ్వితే నవ్వండి. కార్లేసుకొచ్చి, రెండు ఫొటోలు దిగి, సోడా తాగి వెళ్ళిపోయేవాళ్ళది కూడా ఓ చూపేనా? ఆవిడ ముప్ఫై ఏళ్ళు నెత్తిమీద ఎండుచేపల గంప పెట్టుకుని, దగ్గరైతే కాలినడకన, దూరమైతే బస్సు మీద తిరిగి చూసింది.

అత్తంటే మా నాన్నకి అక్క. ఊరు కళింగపట్నం. ఎర్రన్న మావ సముద్రంలోంచి తెచ్చిన చేపని ఇసకలో ఎండబెట్టి, ఏటి వెంబడి పై ఊళ్ళలో అమ్ముకొచ్చేది. శాలిహుండంలో ఎండు నెత్తళ్ళు అమ్ముడైపోతే ఖాళీ గంప కావలి మనిషి దగ్గర వదిలి కొండెక్కేది. కొండమీది ఇటుకల గుండ్రాలు ఒకప్పటి బౌద్ధులవని ఎవరో చెప్పారు. పైనుంచి చూస్తే ఏరు వంకర తిరిగి సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుందని మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముఖలింగం గుడికి నీచుగంపతో వెళ్ళకూడదు కాబట్టి, గంప వీధి చివర పెట్టి, ఏట్లో మునిగొచ్చి, తడిబట్టలతోనే గోడలమీది బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూసేది. దంతవరపుకోటకీ వెళ్ళింది. అక్కడ మట్టిగట్టు తప్ప ఇంకేమీ కనబడలేదని ఇంటికొచ్చి మావను దులిపేసింది.

"కోటంటే గోడుండాల కదేటి మావా? గట్టు సూసి కోటనుకోమంటే ఎలగ?"

"కోటంటే ఇజీనారందే! నాను సూపిస్తాను కదా, ఉండు" అన్నాడు మావ.

అసలు సంగతి ఇదీ. పెళ్ళికి ముందు మావ ఒకసారి సిరిమాను సంబరానికి లారీ ఎక్కి విజయనగరం వెళ్ళాడు. జనం తోసేస్తే మధ్యాహ్నమంతా కోటగోడకు వీపు ఆనించి నిలబడ్డాడట. ఆ గోడ ఎత్తు, ఆ బురుజులు, ఆ గుమ్మం... మొదలెట్టాడంటే అన్నం చల్లారిపోవాల్సిందే. కొత్త పెళ్ళాంతో ఆయన అన్న మొదటి మాట, "నీకు కోట సూపిస్తాను" అని. ఆ ఏడు వల చిరిగింది. మరుసటేడు తుఫాను. ఆ తరవాత పిల్లలు. "ఈపాలి సేపలేట బావుంటే ఎల్దుం" అన్న మాట ముప్ఫై ఏళ్ళు నడిచింది. అత్తకు నగల మీద ఆశ లేదు, చీరల మీద లేదు. మావ పక్కన నిలబడి, మావ వేలు పెట్టి చూపిస్తుంటే ఆ కోట చూడాలి. ఏం, అదేమైనా గొంతెమ్మ కోరికా?

2017 కార్తీకంలో వెళ్ళారు. కోట కోసం కాదు. మావకు కళ్ళు మసకేశాయని తోటివాళ్ళు పడవెక్కించుకోవడం మానేశారు. "సుక్కలేసుకుంటే మళ్ళీ ఏటకెల్తాను" అని ఆయన ధీమా. విజయనగరంలో ఓ కంటాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు అత్తను పక్కకు పిలిచాడు. "నీటికాసులమ్మా. ఆలస్యంగా తెచ్చావు. పోయిన చూపు ఇక రాదు, ఉన్నది నిలవడానికే ఈ మందు" అన్నాడు. ఉన్నదెంతో అత్త అడగలేదు. అడగడానికి భయం వేసింది.

"ఏటన్నాడే డాట్రు?" అన్నాడు మావ బయటికి రాగానే.

"సుక్కలేసుకోమన్నాడు."

"మరింకేటి! నడు, కోటకెల్దుం. ఊరిదాకా వచ్చీసేం కదా."

అత్తకు ఏడుపు, సంతోషం ఒక్కసారే వచ్చాయట. ఇంకో రోజుకి వాయిదా వెయ్యడానికి లేదని ఆవిడకు తెలుసు.

ఇక్కడో మాట చెప్పాలి. శృంగవరపుకోటను ఆ జిల్లాలో ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. అందరికీ అది 'కోట'. అసలు కోటేమో విజయనగరం బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు. బస్టాండులో కండక్టరు "కోట కోట కోట! బేగి రండి!" అని గొంతు చించుకుంటున్నాడు. సముద్రపొడ్డు మనిషికి ఏం తెలుస్తుంది? మావను కిటికీ పక్కన కూచోబెట్టి, "కోటకి రెండు" అని టికెట్లు తీసుకుంది. పొద్దున్నే లేచిన అలుపో, మందు మంటో, మావ కళ్ళు మూసుకుని ఆమె భుజం మీద నిద్రపోయాడు. గంటసేపు బస్సు వెళ్తూనే ఉంది. రాజుల కోట కదా, ఊరికి దూరంగానే ఉంటుందిలే అనుకుంది అత్త. నాకు ఒక్క ఫోను చేసి ఏడిస్తే! నేనప్పటికే విజయనగరంలో ఉద్యోగం చేస్తూ కోటకి కూతవేటు దూరంలో అద్దెకుంటున్నాను. 'పనిలో ఉన్న గుంటని పిలవడమెందుకు' అనుకుందట. తల బాదుకోవాలా వద్దా?

బస్సు ఖాళీ అయింది. మావ మెల్లగా లేస్తుంటే అత్త ముందు దిగి, అక్కడ సీతాఫలాలు అమ్ముతున్న ఆవిణ్ణి అడిగింది.

"అమ్మా, కోటెటేపు?"

"ఇదే కోట."

"మరి గోడ కనబడదేటి?"

ఆవిడ పకపకా నవ్వింది. "ఓలమ్మ! కోటలో కోట నేదే తల్లీ. పేరే కోట. గోడ కావాలంటే ఇజీనారం ఎల్లు."

అత్తకు సిగ్గేసింది, తనమీద తనకే నవ్వొచ్చింది. తిరుగు బస్సు ఎదురుగానే ఉంది. 'మావా, తప్పు బస్సెక్కీసేం' అని చెప్పబోయింది. ఈలోగా మావ మెట్లు దిగి, తువ్వాలు భుజాన సర్దుకుని, పడమటికి తిరిగి నిలబడ్డాడు. అటు ఇళ్ళ కప్పుల పైన కొండలు నీలంగా ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్నాయి.

"అదిగో!" అన్నాడు. "సూసేవా? నాను సెప్పలేదేటి? ఎంతెత్తు గోడో సూడు!"

అత్త కొండల వైపు చూసింది. మావ మొహం వైపు చూసింది. డాక్టరును అడగనిదేదో అప్పుడు తెలిసిపోయింది.

"ఏటే, మాటాడవు?"

"ఏటి మాటాడతాను మావా... ఎంతెత్తుందో!"

"ఆ మూల బురుజు. కనబడతన్నాదా?"

"కనబడతన్నాది."

ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కో బురుజూ చూపించాడు. ఆవిడ ఒక్కోదానికీ ఊఁ కొట్టింది. సీతాఫలాలావిడ నవ్వడం మానేసి ఓ పండు తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

ఏడాది తరవాత అత్త నాకీ సంగతి చెప్పింది. అప్పటికి మావకు రెండు కళ్ళూ చీకటి. ఒడ్డున కూచుని చేత్తో తడుముకుంటూ వలలు బాగుచేసేవాడు. వచ్చినవాళ్ళందరికీ, "మా తవిటికి కోట సూపించీసేను" అని చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తిరుగు బస్సెక్కితే గంటలో నిజం కోట చూసేదానివి కదా అత్తా!"

"గోడ కాడ నిలబెట్టి ఇది గోడ మావా అంటే, మరిందాకటిదేటి అని అడగడేటే? ఏటని సెప్పను? నీ కళ్ళు పోయేయని సెప్పనా?" అంది.

2019లో నాకు పాప పుడితే అత్త సాయానికి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి దారి కోట ముందు నుంచే. నేను ఆటో ఆపించాను.

"అత్తా, అటు చూడు. ఇదే."

ఆవిడ పాపను గుండెకు అదుముకుని, తల దించుకుని, కళ్ళు గట్టిగా మూసేసుకుంది. "పోనీ బాబూ, ఆపకు" అంది డ్రైవరుతో.

"పిచ్చా నీకు? ముప్ఫై ఏళ్ళు కలవరించావు. చూడాలని లేదా?"

"ఉన్నాదే బారతీ. సచ్చేటంత ఉన్నాది." మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "ఇప్పుడు మీ మావదీ నాదీ ఒకటే కోట. ఇది సూసీసేననుకో, ఆ కోట కాడ ఆడొక్కడే మిగిలిపోతాడు."

పోనివ్వమని ఈసారి నేనే డ్రైవరుకి చెప్పాను. ఆటో కదిలింది. గోడ దాటాక చెప్పమంది అత్త. దాటాక చెప్పాను.