సాకిన చెయ్యి

మా ఇంట్లో మాట్లాడే తెలుగులో కోళ్లను పెంచరు, సాకుతారు. పిల్లల్నీ అంతే. కోవిల్‌పట్టికీ కళుగుమలైకీ మధ్య ఉన్న మా ఊళ్ళో ఈ మాట చెవితో పట్టుకుని నోటితో నేర్చుకున్నదే. బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. ఇప్పటికీ కోడి విషయంలో 'పెంచడం' అని రాయబోతే చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. ఆ రెండు మాటలూ ఒకటి కాదని మా అమ్మ నన్ను రెండు పట్నాలు తిప్పి మరీ నేర్పింది.

నాయన పోయాక, విరుదునగర్‌లో నా దగ్గరికి వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా "కోళ్లుండాయి మే" అని తప్పించుకున్న మనిషి ఆవిడ. చివరికి పోయిన ఏడాది కడుపు ఆపరేషన్ పుణ్యమా అని మా ఇంటికి వచ్చింది. వస్తూ వస్తూ కోళ్లన్నిటినీ పక్కింటి అత్తకు అప్పగించింది. రక్తసంబంధం ఏమీ లేదు. అమ్మ ఆవిణ్ణి వదినె అంటుంది కాబట్టి నాకు అత్త, అంతే.

గాయం మానింది కానీ నోటికి రుచి తిరిగి రాలేదు. అన్నం ముందు పెడితే మొహం పక్కకు తిప్పుకునేది. రెండు గుక్కల గంజి తాగి చాలనేది. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. మంచం దిగాలంటే మాంసం రసం పట్టించక తప్పదని డాక్టరు గట్టిగా చెప్పారు. నాకు భయం పట్టుకుంది. నాకు భయమేస్తే అది కోపంలా బయటికొస్తుందని మా ఆయన అంటాడు. ఆ రోజుల్లో పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పిల్లి దాకా నా చేత తిట్లు తినని ప్రాణి లేదు.

ముందు వీధి చివర బాయిలర్ కోడి తెచ్చి చారు కాచాను. అమ్మ గిన్నెలోకి తొంగి చూసింది.

"ఇది కోడి కాదు మే. ఒక్క దినమన్నా నడిచిందా ఇది? నడవని కోడిని తింటే నేనెట్ల నడిచేది?"

మర్నాడు బజారులో నాటుకోడి అని బోర్డు పెట్టిన కొట్టుకు వెళ్ళాను. అమ్మ చెప్పిందని కాళ్ళతో సహా తెచ్చాను. ఆవిడ ఆ కాలు పట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు అటూ ఇటూ తిప్పింది.

"గోళ్లు చూడు, ఎంత పొడుగో. మన్ను గీకినవేనా ఇవి? బోన్లో నిలబెట్టి మేపినారు. పావం."

ఆ 'పావం' కోడి మీద. తిరిగి తిరిగి వచ్చిన నా మీద కాదు.

మా ఆయనకు జాలేసింది. విరుదునగర్‌లో నూనె పరోటా తప్ప లోకంలో వేరే తిండి లేదనుకునే మనిషి, అత్తగారి కోసం ఆ ఆదివారం పరోటా వదిలేసి, ఆవిణ్ణి పట్టుకుని ఆటో ఎక్కించి మమ్మల్ని హైవే మీది కొత్త హోటల్‌కు తీసుకెళ్ళాడు. బోనులో పెట్టని కోడి, బాధ పెట్టని కోత అని వాకిట్లోనే తమిళంలో రాసి ఉంది. అమ్మ అక్షరం అక్షరం చదివింది. మొహంలో కాస్త వెలుగొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వడ్డించే కుర్రాడు రాగానే తమిళంలో మొదలుపెట్టింది.

"తంబీ, ఈ కోడిని ఎవరు సాకారు?"

"పెద్ద ఫారం అమ్మా."

"ఫారం సరే. పొద్దున్నే గింజలు వేసేది ఎవరు?"

అతను వెళ్ళి మేనేజరును పిలుచుకొచ్చాడు. పాపం మంచివాడు, విసుక్కోకుండా మెనూ కార్డు వెనక ఉన్న ఫొటో చూపించాడు. పచ్చటి గడ్డిలో ఒక రైతు కోడిని ఎత్తుకుని నవ్వుతున్నాడు. మా నల్లరేగడిలో అంత పచ్చిక నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అమ్మ ఫొటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, ఇక తెలుగులోకి దిగి నా చెవిలో అంది.

"ఈయప్ప సొక్కా చూడు మే, ఎంత తెల్లగా ఉండాదో. కోడి రెట్ట ఒక్క సుక్క లేదు. ఇతను సాకినోడా?"

ఆ పూట అమ్మ పెరుగన్నం నాలుగు మెతుకులు తింది. మా ఆయన మాత్రం ఆ కోడితోనే పరోటా లేని లోటు పూడ్చుకున్నాడు.

అప్పుడు నేను పనిచేసే పప్పుమిల్లు ఆఫీసులో ఒకావిడ కోవిల్‌పట్టిలో కొత్తగా పెట్టిన కొట్టు గురించి చెప్పింది. బస్సెక్కి వెళ్ళాను. వరసగా కడలైమిఠాయి, అంటే పల్లీపట్టీ కొట్లు, వాటి నడుమ అద్దాల తలుపుల వెనక ఏసీలో మాంసం. ఆరుబయట తిరిగిన కోడి, మందులు వెయ్యని మేత, అన్నీ విడమరచి చెప్పారు. ధర ఇక్కడ రాయను. చదివి ఎవరైనా అమ్మకు చెబితే నా గతి ఏమిటి? ఐసు పెట్టిన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ఏదో గెలిచినదానిలా తిరిగొచ్చాను. అల్లం, మిరియాలు దంచి, అమ్మ నేర్పినట్టే చారు కాచాను. ఇల్లంతా కమ్మటి వాసన. అమ్మ తనంతట తానే లేచి కూర్చుంది. చెంచా చేతిలోకి తీసుకుంది.

అప్పటికైనా నోరు మూసుకుని ఉండాల్సింది. ఆ సంబరంలో పెట్టె మీది మాట చదివి వినిపించాను: "మీ ఇంట్లో మీ చేత్తో మీరే పెంచుకున్నట్టు!"

అమ్మ చెంచా కింద పెట్టేసింది.

"అయితే నాకొద్దు మే."

వేరే ఊరివాళ్ళకు ఇది విడ్డూరంగా ఉంటుంది. మా ఊళ్ళో సాకిన చెయ్యి తినదు. మేమేమీ మాంసం మానేసిన సాధువులం కాదు, సుబ్బరంగా తింటాం. కానీ గింజలు వేసి, పిల్లి నోటి నుంచి కాపాడి, వానొస్తే గంప కింద మూసి పెట్టిన చేత్తోనే దాన్ని తినడం ఎవరికీ చేతకాదు. అందుకని మారుకోడి. మా కోడిని గోడమీదుగా అత్త వాళ్ళకిస్తాం, వాళ్ళ కోడిని మేం తీసుకుంటాం. ఇచ్చేముందు సాకినావిడ అరచేతిలో నీళ్ళు పోసి దానికి తాగించి, అందించి, ఇక వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. తిన్న మర్నాడు కూర బాగుందని చెప్పే వాడుక లేదు. "మీ కోడి బాగా బతికింది" అనాలి. ఎముక చెబుతుందట. చిన్నప్పుడు మా కుంటికోడిని గోడ దాటిస్తుంటే వెక్కివెక్కి ఏడుస్తూనే, అత్త వాళ్ళ కోడి కాలు నేను చప్పరించిన వైనం అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది.

కానీ ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. నేను అరిచాను.

"అదేదో అమ్ముకునేకి ఊరికే రాసిన మాటమ్మా!"

"అబద్దమా? అయితే అసలొద్దు."

నిజమైతే తినకూడదు, అబద్ధమైతే తినబుద్ధి కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతున్నట్టు చప్పుడు చేస్తూ ఏడ్చాను. అమ్మ ఇలాగే కరిగిపోతుందేమోనని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని అత్తకు ఫోన్ చేశాను.

మర్నాడు పొద్దున్నే బస్సులు మారి అత్త దిగింది. చేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట, బుట్టలోంచి తల బయటపెట్టి మా వీధిని పరిశీలిస్తున్న ఎర్రకోడి. అమ్మ మంచం మీంచి చెయ్యి చాపి ముందు అత్తను కాదు, కోడి కాలి గోళ్లను తడిమింది. అరిగి మొద్దుబారి ఉన్నాయి. అత్త అరచేతిలో నీళ్ళు పోసి దానికి తాగించి, మా ఆయనకు అందించి, గబగబా మిద్దె ఎక్కి వెళ్ళిపోయింది. కొట్టులో కోయించి తెచ్చేదాకా దిగలేదు.

మధ్యాహ్నం ఇద్దరికీ పక్కపక్కనే పళ్ళేలు పెట్టాను. అమ్మ పళ్ళెంలో అన్నం, కోడిచారు, మెత్తగా ఉడికిన ముక్క. అత్తకు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నా చేతి కోడి కదా మే. నాకు మోరు పొయ్యి, చాలు."

ఆ మాటతో అమ్మకు కొత్త పట్టింపు గుర్తొచ్చింది.

"మారుకోడి ఇయ్యకుండా నేనెట్ల తినేది?"

ఇక నా ఓపిక అయిపోయింది. "నీ కోళ్లన్నీ అత్త దగ్గరే ఉండాయి కదమ్మా! అందులో ఒకటి పట్టుకుంటుంది!"

అమ్మ ఒప్పుకుంది. అన్నం కలుపుతూ అడిగింది. "నేను వచ్చినప్పట్నుంచి పట్టుకుని తింటానే ఉంటావులే వదినె. ఎట్ల ఉండాయి, బాగా బతికినాయా?"

అత్త మజ్జిగన్నం కెలుకుతూ ఉండిపోయింది.

"ఏం వదినె?"

"నీ కోళ్లకు గింజలేసేది ఎవురు మే ఇప్పుడు?" అంది అత్త చివరికి. "నేనే కదా. నావీ నా చేతివే, నీవీ నా చేతివే. ఇంట్లో పిల్లలు ఆదివారం బజారు కడలో కోడి తెచ్చుకుంటారు. నాకు అది దిగదు. సుమ్మా ఉత్త రసం పోసుకుంటా. పరవాలేదులే."

అమ్మ చెయ్యి కలిపిన ముద్ద మీదే ఆగిపోయింది. అత్త మొహం వైపు చూసింది. పళ్ళెం తోసేస్తుందనుకున్నాను. తాను ఇక్కడ తినకుండా పడుకుంటే, తన కోళ్లను సాకుతూ అక్కడ వదినె కూడా తినలేదు. ఆ సంగతి మా ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

అమ్మ ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకోటి. ముక్క నమిలి, ఎముకను చప్పరించి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"నీ కోడి బాగా బతికింది, వదినె."

అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అమ్మ పళ్ళెం నా వైపు జరిపింది.

"ఇంకో గరిటె పొయ్యి మే. సీక్రంగా లేచి ఊరికి పోవాల. నా కోళ్లను నేను సాకితేనే ఈమె నోట్లోకి కూర పొయ్యేది."

గరిటె పట్టుకుని నేనక్కడే నిలబడిపోయాను.

"ఏడ్చేది తరవాత. ముందు పొయ్యి."