గోడకు చెప్పిన మాట

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో నేల కింది నీళ్ల సంపు కడిగారు. ఇనుప మూత పక్కకు జరపగానే పాచి, తడి సిమెంటు, బ్లీచింగ్ పొడి కలిసిన చల్లటి వాసన మెట్ల దాకా వచ్చింది. కూరగాయల సంచీతో కాసేపు అక్కడే నిలబడిపోయాను. హైదరాబాద్ కార్వాన్‌లో నేను పెరిగిన ఇంటి వాసన అది.

మధ్యలో వాకిలి, దానికి ఆ పక్క పెద్దబాపు వాళ్లు, ఈ పక్క మేము, రెండిళ్లకూ కలిపి ఒకే నల్లా, ఒకే సంపు, ఒకే బాపమ్మ. పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, షేర్వానీలు కుట్టేవాడు. బాపు కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోయేవాడు. ఇంటికొస్తే చొక్కా నిండా వేడి ఇనుము వాసన. ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో నీళ్లు చల్లి, నులక మంచాలు వాల్చి, ఒకే జాడీలోని మామిడికాయ తొక్కు రెండిళ్లవాళ్లమూ కలుపుకుని తినేవాళ్లం. అన్నదమ్ములిద్దరూ మాత్రం మాట్లాడుకునేవారు కాదు. నాకు ఊహ తెలిసేనాటికే ఆ మౌనం ఉంది. ఎందుకని అడిగితే బాపమ్మ, "పెద్దోళ్ల లొల్లి మీకెందుకే" అని తరిమేది.

ఒకే నల్లా ఉన్న ఇంట్లో అసలు మాట్లాడకుండా గడవదు కాబట్టి వాళ్లు గోడకు చెప్పుకునేవారు. "నీళ్లొచ్చినయ్, ఎవలన్న ఉంటే మోటర్ ఎయ్యాలె" అని పెద్దబాపు గోడవైపు తిరిగి అనేవాడు. బాపు లేచి మోటరు వేసి, "ఏసినం" అని దండెం మీది బట్టలకు చెప్పేవాడు. బోనాల నాడు పులిహోర, తలకాయ కూర వడ్డించుకుని ఒకే వరుసలో కూర్చున్నప్పుడు కూడా, "అమ్మా, చారు గిన్నె గిటు జరపమను" అని బాపు అంటే, గిన్నె పక్కనే ఉన్న పెద్దబాపు ఎటో చూస్తూ జరిపేవాడు. చుట్టాలు నవ్వుకునేవారు. మాకు అందులో వింతేమీ కనిపించేది కాదు. అన్నదమ్ములంటే అంతటా ఇంతేననుకున్నాం.

పెద్దబాపు బిడ్డ సుజాతది, నాది ఒకే ఈడు. కచ్చకాయలు, తొక్కుడుబిళ్ల, బడి, జడలు అన్నీ కలిసే. కొట్లాడుకున్నామంటే మాత్రం మేమూ గోడనే పట్టుకునేవాళ్లం. ఎవరూ నేర్పలేదు. పేరు పెట్టి పిలవకూడదు, మొహం చూడకూడదు, ముందు ఎవరు తిరిగి చూస్తే వాళ్లు ఓడినట్టు.

ఒక ఆషాఢంలో పెద్దమ్మ మా ఇద్దరినీ లాడ్ బజార్‌కు తీసుకుపోయింది. ఇద్దరికీ నచ్చిన ఆకుపచ్చ రాళ్ల గాజులు ఒక్క జతే ఉన్నాయి. తన బిడ్డకు తీసుకుంటే బాగుండదనుకుందేమో, పెద్దమ్మ అవి నా చేతికి తొడిగించింది. ఇంటికొచ్చేసరికి సుజాత గోడవైపు తిరిగిపోయింది.

బోనాలు దగ్గర పడ్డాయి, మా అలక మాత్రం తీరలేదు. మోటరు చెడిపోవడంతో ఒక రోజు పొద్దున సంపు మూత తీసి బకెట్‌తో తోడుకుంటున్నారు. నేను వేపాకు కొమ్మలు మోపెడు ఎత్తుకుని వాకిలి దాటుతున్నాను. మెట్టు మీద కూర్చున్న సుజాత అంది: "సంపు మూత తీసున్నది. ఎవలన్న ఉంటే చూస్కోని నడవాలె."

నాకు స్పష్టంగా వినిపించింది. కిందికి చూస్తే ఆమె మాట తీసుకున్నట్టే, ఓడిపోయినట్టే. తల ఇంకాస్త ఎత్తి నడిచాను.

కాలు గాలిలోకి పోయింది. ముక్కులోకి, నోట్లోకి చల్లటి నీళ్లు. పైన "లక్ష్మీ!" అని సుజాత కేక. అంతలోనే పక్కన ఎవరో దూకారు. బాపు నన్ను రెండు చేతులా తలకంటే పైకి ఎత్తి అరిచాడు.

"అన్నా, పట్టు!"

పెద్దబాపు అంచు మీద బోర్లా పడుకుని చేతులు చాపాడు. "పట్టిన. ఇడువు, తమ్మీ."

నీళ్లు కక్కుతూనే ఆ మాటలు విన్నాను. నన్ను దుప్పట్లో చుట్టాక పెద్దబాపు సుజాత మీదికి పోయాడు.

"మూత తీసున్నదని చెప్పొద్దానే?"

"చెప్పిన."

"ఎవలకు?"

"గోడకు." ఆమె ఏడుస్తూనే ఉంది. "మీరు చెప్తరు గద... గట్లనే."

బాపు తడి చొక్కా పిండుతున్నాడు. నీళ్లు కారడం ఆగిపోయినా పిండుతూనే ఉన్నాడు. పెద్దబాపు లోపలికి పోయి పొడి లుంగీ తెచ్చి, "బట్టలు మార్చుకో, తమ్మీ" అని చేతికిచ్చాడు.

"మార్చుకుంట, అన్నా."

అంతకుమించి ఏమీ జరగలేదు. ఆ తగాదా ఏమిటో మాకు ఎప్పటికీ తెలియలేదు, వాళ్ల మధ్య కబుర్లు పెరగనూ లేదు. కాకపోతే చెప్పాల్సింది ఏదైనా ఉంటే మొహం చూసి చెప్పుకునేవారు. సుజాతా నేనూ ఆ తర్వాత కూడా చాలా కొట్లాడుకున్నాం, పేర్లు పెట్టి, గొంతు చించుకుని.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ జాగాలో మూడంతస్తుల బిల్డింగు లేచింది. ఎవరి మీటరు వాళ్లది, ఎవరి తలుపు వాళ్లది. పోయిన ఏడు అటు వెళ్లినప్పుడు చూశాను, మెట్ల మీద ఇద్దరు మగవాళ్లు ఎదురుపడి, తలలు వంచుకుని పక్కకు తప్పుకున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడక తప్పని వాకిలి అక్కడ ఇప్పుడు లేదు.