ఆ మాటలు దమయంతివి

తొమ్మిదేళ్ళుగా నాది కాని మెప్పు ఒకటి మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఇది చదివే మీరు నా ముఖం ఎరగరు కాబట్టి మీకు రాస్తున్నాను.

పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళం కొందరం కలిసి సంఘం పెట్టుకున్నాం. నాలుగు ముక్కలు చదివానని నన్ను అధ్యక్షురాల్ని చేశారు. రెండో ఏటికే సంఘం చెదిరిపోసాగింది. ఒక్కొక్కరూ మళ్ళీ పాత ఫ్యాక్టరీలకు కూలికి వెళ్ళిపోతున్నారు. నేనేమో మీటింగు పెట్టిన ప్రతిసారీ గోడకు చార్టు తగిలించి లక్ష్యాలు, ప్రణాళిక అంటూ చదివేదాన్ని. వాళ్ళు ఆవలించేవారు. చివరికి, ఉంచాలా మూసెయ్యాలా తేల్చేద్దామని ఒక మీటింగు పెట్టుకున్నాం.

దానికి ముందురోజు నేను చార్టు రాసుకుంటున్నాను. కవిటి వైపు నుంచి వచ్చి మాతో పనిచేసే దమయంతి, పప్పు మీద పొట్టు తీస్తూనే అంది. మా వైపు అక్కని అప్పా అంటారు.

"అప్పా, ఆ అట్ట మీది రాతలు ఎవులికి కావాలి? రేపు మనం ఎలాగుంటామో సెప్పు. పొద్దున్నే ఒకడి గేటు కాడ నిలబడి పిలుపు కోసం సూడక్కర్నేదని సెప్పు. నడుం నొప్పెడితే ఎవుల్నీ అడక్కుండా లేవొచ్చని సెప్పు. మన పేకెట్టు మీద మన ఊరి పేరుంటాదని సెప్పు."

నా చెయ్యి ఆగిపోయింది. నువ్వే చెప్పరాదూ అనాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"రేపు వానొచ్చేలాగుంది. మీటింగుకి రాకు, ఆరబోసిన జీడి పిక్కల కాడ నువ్వుండు" అన్నాను.

ఆమె ఆకాశం వైపు చూసింది. ఒక్క మబ్బు లేదు. తర్వాత నన్ను చూసింది.

"అలాగేలే అప్పా."

ఎందుకలా చేశాను? ఆమె చెబితే వాళ్ళు వినరనా? కాదు. వింటారని. విని, ఇకమీదట ఏం చెయ్యాలో ఆమెనే అడుగుతారని.

మర్నాడు నేను చార్టు విప్పలేదు. ఆ మాటలే, అదే వరసలో, నావిగా చెప్పాను. నడుం నొప్పి మాట వినగానే ఒక పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మూసెయ్యమని ఒక్కరూ అనలేదు. వెళ్ళిపోయినవాళ్ళు కూడా నెలలోపే తిరిగొచ్చారు. ఆ మీటింగు రోజు సాయంత్రమే మావాళ్ళు పిక్కలు ఎత్తుతూ, అధ్యక్షురాలు ఎంత బాగా చెప్పిందో దమయంతికి పూసగుచ్చినట్టు వినిపించారట. ఆమె విని, గోనెసంచి మూతి కట్టిందట.

ఇప్పుడు మాకు సొంత షెడ్డు ఉంది. పప్పు ఏరే పని దమయంతే చూసుకుంటుంది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ పనిచేస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ అది ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్ళం ఇద్దరమే.

పోయిన వారం టెక్కలి నుంచి కొత్తగా సంఘం పెట్టుకున్నవాళ్ళు వచ్చారు. ఒకమ్మాయి ఆనాటి మీటింగు మాటలు నాచేత చెప్పించి నోటుపుస్తకంలో రాసుకుని, "ఇయన్నీ మీకెలా తోసినాయి మేడమ్?" అని అడిగింది. పక్క బల్ల దగ్గర దమయంతి పప్పు ఏరుతోంది. తలెత్తలేదు.

"ఏమో, అలా తోచాయి" అన్నాను.

దమయంతికి ఇంకా ఏమీ చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. చెప్పినా ఆమె మన్నించాలని ఎక్కడుంది? అయినా ఈ కాగితం మీద ఆ మాటల కింద ఆమె పేరు రాయడం నాకిదే మొదటిసారి. రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను.