నాలుగు మూలలా పసుపు

రెండు వేల దశకం మొదట్లో భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసులో పనిచేసేవాణ్ణి. సరుకు పంపేముందు మా మేనేజరుగారు ఇన్‌వాయిసుకు నాలుగు మూలలా పసుపు రాసేవారు, అచ్చం శుభలేఖకు రాసినట్టు.

తర్వాత అన్ని దేశాలకూ ఒకటే నమూనా అన్నారు. కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. ఎవరి ఇన్‌వాయిసు చూసినా ఒకేలా, ఊరూ వాసనా లేకుండా! నాకైతే ఒళ్లు మండింది.

“ఇందులో పసుపెక్కడ రాయాలండీ?” అన్నారాయన. రాయకుండానే పంపేశాను.

మర్నాడు జపాను కొనుగోలుదారు నుంచి ఈమెయిల్ వచ్చింది. వివరాలన్నీ సరిపోయాయట. పసుపు మరకలు లేవే, ఇది మీరు పంపిందేనా అని అడిగాడు.

చదివి వినిపించాను. మేనేజరుగారు పసుపు భరిణె తెచ్చి మానిటరుకు నాలుగు మూలలా రాశారు.

ఆ మానిటరు పాడయ్యేదాకా దాన్ని ఎవర్నీ తుడవనివ్వలేదు నేను.