వరి దుబ్బుకు గాలి

ఆయన పేరు నేను అడగలేదు. కోరుట్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో వేళ్లతో సహా పీకిన వరి దుబ్బు, కాలినట్టు ఎండిపోయి ఉంది. జగిత్యాలలో పురుగుమందుల దుకాణంవాళ్లకు చూపించాలట.

"దోమపోటా, కాకా?" అన్నాను.

"అవు బిడ్డా. దుబ్బుల మొదట్ల చేరి రసమంత పీల్చింది. నాటేటప్పుడు మధ్యల మధ్యల బాటలు ఇడువాలె. గాలాడితే దోమ నిలువది. ఏటా మా ఆమెనే తాడు పట్టి ఇడిపిచ్చేది. జాగ ఖరాబైతదని నేను లొల్లి జేస్తుంటి."

"మరి ఈసారి?"

"ఈసారి లొల్లి జేద్దామంటే ఆమె లేదు. బాటల్లేకుంట పొలమంత నాటిచ్చిన."

ఆయన నా మీదుగా వంగి కిటికీ అద్దం జరిపాడు. చచ్చిపోయిన ఆ దుబ్బును జగిత్యాల దాకా గాలికి పట్టుకునే ఉన్నాడు.