ఒక్క వేలితో తిరిగిన స్టీరింగు

మా అమ్మాయి భారతి కుడి మోచేయి విరిగి, లోపల ప్లేటు వేసి నాలుగు నెలలైంది. ఆమెది గొర్రెలకు, మేకలకు టీకాలు వేసే ఉద్యోగం. కదిరి చుట్టుపక్కల బస్సు పోని పల్లెలకు కారులోనే తిరగాలి. ఎముక అతికింది గానీ చేతికి బలం రాలేదు. పోయిన ఏడాది వేరేవాళ్లు వాడింది కొన్న మా పాత కారు స్టీరింగేమో రాయి. సందులో తిప్పేటప్పుడు పిల్ల పళ్లు బిగబట్టడం నేను చూశాను. సోమవారం డ్యూటీలో చేరాలి. కారు నడపలేకపోతే ఆఫీసులో కూర్చోబెట్టి, ఆ పల్లెలు వేరేవాళ్లకు ఇస్తామన్నారు. మా కారుది కరెంటుతో పనిచేసే స్టీరింగు. అలాంటివాటి బరువు తగ్గించే షెడ్డు అనంతపురంలో ఉందని తెలిసి, మొన్న మంగళవారం బయలుదేరాం. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పొద్దున ఆరుకు కదిరి దాటాం. నడిపింది మా వీధి రామాంజి, రోజుకు తొమ్మిది వందలు. ముదిగుబ్బ, బత్తలపల్లి మీదుగా రెండున్నర గంటల దారి. నాకు దారి పొడుగునా దడే. ఎందుకంటే ముందురోజు ఎవరూ చూడకుండా స్టీరింగు కడ్డీ కిందికి దిగే చోట అరగ్లాసు ఆముదం పోశాను. మా నాయన ఎద్దులబండి ఇరుసుకు ఆముదం పోస్తే బండి సులువుగా కదిలేది, ఆ బుద్ధితోనే పోశాను. పోశాక గుర్తొచ్చింది, ఇది కరెంటు వస్తువని.

"అవ్వా, ఏందో ఆముదం వాసన వస్తాండాది. తలకు పెట్టుకున్యావా?" అన్నాడు రామాంజి.

"పెట్టుకున్యాలేప్పా, నువ్వు రోడ్డు చూడు" అన్నాను.

బత్తలపల్లిలో రోడ్డు పక్క హోటలు దగ్గర ఆగి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తీసుకున్నాం, ప్లేటు నలభై. నా ప్లేటు చూసి వండే ఆమె ఊరుకోలేదు. "ఏమమ్మా, బజ్జీ ముట్టనేలేదు? కారమైందా?"

"కారం కాదు తల్లీ, భయం."

"భయానికి నా కాడ మందు లేదు. బజ్జీ సల్లారిపోతాది, తిను!"

ఎనిమిదిన్నరకు షెడ్డు చేరాం. మెకానిక్ మస్తాన్ యాభై దాటిన మనిషి. మొదట టైర్లలో గాలి చూశాడు. ముందు రెండింటిలో తక్కువుంటే నింపాడు. కొంచెం నయమైంది, అంతే. తర్వాత బ్యాటరీ చూశాడు, బాగుంది. ఆ తర్వాత స్టీరింగు కిందికి తల దూర్చాడు.

"ఇదేందప్పా ఈడ జిడ్డు? యా మహానుభావుడు పోసినాడు?"

రామాంజి నా తల వైపు చూశాడు. ఇక దాచలేకపోయాను. "నేనే పోసినా నాయనా. ఆముదం. చెడిపోయిందా?"

"అమ్మా!" అంది భారతి, ఏడవాలో నవ్వాలో తెలియనట్టు.

మస్తాన్ నవ్వి నవ్వి బయటికొచ్చాడు. "రబ్బరు తొడుగు మీదే నిలిచిపోయింది, మోటరుకు తగల్లేదు. బతికిపోయినావు అవ్వా! ఇది ఆముదం తాగేది కాదు, కరెంటు తాగేది" అంటూ గుడ్డతో తుడిచాడు.

తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు తలచుకున్నా నమ్మకం కుదరదు. స్టీరింగు కింద ఒక వైరు తగిలించి ల్యాప్‌టాప్‌కు కలిపాడు. ఇంతకుముందు ఈ కారు నడిపినవాళ్లు స్టీరింగును బాగా గట్టిగా పెట్టించుకున్నారట. నేను కొంగుతో ముఖం తుడుచుకునేలోపు దాన్ని తేలిక చేసేశాడు. రెంచి పట్టలేదు, ఒక్క బోల్టు విప్పలేదు. "నువ్వే కూర్చోని చూడు అవ్వా" అన్నాడు. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిను ఆన్‌లో పెట్టాడు. డ్రైవరు సీట్లో కూర్చోవడం నాకదే మొదలు. చూపుడు వేలు పెట్టి తోశాను. అంత కారు ముందు చక్రాలు నా వేలు మాట విన్నాయి!

వెంటనే మళ్లీ భయం. "ఇంత తేలికైతే పెద్దరోడ్డులో గాలికి కొట్టుకపోదా నాయనా?"

"పోదు. నిదానంగా పోతే మెత్తగుంటాది, జోరు పెరిగేకొద్దీ అదే గట్టిపడతాది."

"కరెంటు ఆగిపోతే?"

"బరువెక్కుతాది గానీ తిరుగుతాది. ఇంగ ఏమైనా ఉండాయా అవ్వా భయాలు?"

ఉన్నాయి గానీ అడగలేదు. భారతి సందుల్లో తిప్పి చూసి నొప్పి లేదన్నాకే పదిహేను వందలు తీసుకున్నాడు. బజారు పని, భోజనం ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి తిరుగు ప్రయాణమైతే, భారతే స్టీరింగు పట్టింది. రామాంజి పక్కన, నేను వెనక. ఎర్ర చేలు, ఎండిన చెనక్కాయ పైరు, దూరంగా గాలిమరలు, అన్నీ వెనక్కి పోతున్నాయి. నేను మాత్రం పిల్ల మోచేతినే చూస్తున్నాను.

ముదిగుబ్బ దాటాక రోడ్డంతా గొర్రెల మంద. ఎదురుగా లారీ. భారతి ఆగి, వెనక్కి తీసి, మట్టి అంచుకు దించి, మళ్లీ ఎక్కించింది. పళ్లు బిగించలేదు. మందను కాసే ఆయన ఆమెను గుర్తుపట్టి కిటికీ దగ్గరికొచ్చాడు.

"మేడమ్మా, చెయ్యి బాగైందా? గొర్రెలు దగ్గుతాండాయి, మీరెప్పుడొస్తారని చూస్తాండాము."

"సోమవారం పొద్దున్నే వస్తాను అన్నా. మందను మేతకు తోలుకపోకుండా దొడ్లోనే పెట్టండి" అంది భారతి.

ఎద్దు మెడలో, మగవాడి భుజంలో ఉండే బలాన్నే నేను ఇన్నాళ్లూ బలమనుకున్నాను. విరిగిన చేతికి ఎంత సాయం కావాలో అంతే అందించే వస్తువు ఉంటుందని ఈ వయసులో చూశాను. నా భయాలు నన్ను వదలవు, సోమవారం కూడా వీధి చివరిదాకా చూస్తూ నిలబడతాను. కానీ ఆమె తన పల్లెలకు తానే నడుపుకుంటూ పోతుంది.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట. అన్ని కార్లకూ ఇది కుదరదట, ముందు ఫోను చేసి అడగండి. కుదురుతుందంటే రోజూ నడిపే మనిషినే వెంట తీసుకుపోండి. ఆ మనిషి స్వయంగా తిప్పి చూసి, చేయి నొప్పి లేదనేదాకా షెడ్డు నుంచి కదలకండి.