బేస్‌మెంట్‌లో వడియాలు, వెయ్యి గంటల యంత్రం

ఫిబ్రవరిలో మా ఇంటి ముందు ఫైర్ ఇంజన్ ఎందుకు ఆగిందని మీరంతా అడిగారు, గుర్తుందా? ఏదో సెన్సర్ ప్రాబ్లమ్ అని తప్పించుకున్నాను. అబద్ధం. సెన్సర్ బ్రహ్మాండంగా పనిచేసింది. పనిచెయ్యనిది నా బుర్ర. ఇవాళ ఎలాగూ టీ పోశారు కాబట్టి చెప్పేస్తాను, కానీ ఈ గుమ్మం దాటకూడదు. ఈ నోవై ఊళ్ళో మనవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఆ చలికాలం సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. 2009. కార్లకి ఇంజన్లు చేసే మా కంపెనీకి ఆర్డర్లు పడిపోయాయి. ప్రతి శుక్రవారం ఆఫీస్‌లో ఎవరో ఒకరు అట్టపెట్టెలో ఫోటో ఫ్రేములు సర్దుకుని వెళ్ళిపోయేవారు. నాది హెచ్-వన్. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇక మూటాముల్లె సర్దుకోవడమే. కంపెనీలో ఇంకా ఊపిరున్న ప్రాజెక్ట్ ఒక్కటే, అందులో నేనున్నాను.

ఆ ప్రాజెక్ట్ ఏంటంటే, ఇంట్లో పెట్టుకునే చిన్న గ్యాస్ ఇంజన్. ఒకే గ్యాస్‌తో కరెంటు తీస్తుంది, ఆ ఇంజన్‌లో పుట్టిన వేడితో ఇల్లు వెచ్చబెడుతుంది, స్నానానికి నీళ్ళు కాస్తుంది. మామూలు పవర్ ప్లాంట్‌లో కరెంటు తీశాక చాలా వేడి ఉత్తినే గాల్లో కలిసిపోతుంది కదా, దాన్ని పోనివ్వకుండా వాడుకోవడమే ఇందులో కిటుకు. అప్పుడు మా అత్తగారు ఆరు నెలలకని వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి ఇదంతా చెబితే, అంటే అన్నం వార్చిన గంజి పారబోయకుండా తాగడమన్నమాట అన్నారు. మా మేనేజర్ గ్రెగ్ నలభై స్లైడ్లలో చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు.

దీన్ని అమ్మాల్సింది ఇక్కడ కాదు, యూరప్‌లో. ఏ దేశంలో ఎంత పొటెన్షియల్ ఉందో రిపోర్ట్ రాసే పని నాది. డైనింగ్ టేబుల్ మీద మ్యాప్ పరుచుకుంటే మా అత్తగారు ఎదురుగా కూర్చుని పెళ్ళి సంబంధాలు చూసినట్టు ఒక్కో దేశాన్నీ విచారించేవారు. డెన్మార్క్‌లో ఊళ్ళకి ఊళ్ళే వేడినీళ్ళ పైపులు వేసేసుకున్నారంటే, అయితే ఆ పిల్లాడికి పెళ్ళైపోయింది, వదిలెయ్యమన్నారు. గ్రీస్‌లో చలి తక్కువంటే పెదవి విరిచారు. ఫ్రాన్స్ వాళ్ళు అణువిద్యుత్‌తో ఇళ్ళు వెచ్చబెట్టుకుంటారంటే, వాళ్ళు మన మొహం చూడరన్నారు. జర్మనీ, ఇంగ్లండ్, హాలండ్‌లో చలీ ఉంది, ఇంటింటికీ గ్యాస్ పైపూ ఉంది, మార్చాల్సిన పాత బాయిలర్లూ ఉన్నాయని చెబితే మాత్రం, ఆ ముగ్గురినీ చేజారనివ్వకండన్నారు. నా రిపోర్ట్ కన్‌క్లూజన్ కూడా అదే, కాకపోతే అరవై పేజీలు.

అయితే కాగితం మీద పొటెన్షియల్ ఎంతున్నా యంత్రం నడవాలి కదా. అందుకని ఉద్యోగుల ఇళ్ళలోనే పెట్టి టెస్ట్ చేశారు. మా బేస్‌మెంట్‌లో మెషిన్ రూమ్‌లో ఒకటి పెట్టారు. అది వెయ్యి గంటలు ఆగకుండా నడవాలి. అవి పూర్తయ్యే సోమవారం పొద్దున్న, యూరప్‌లో మా మెషిన్ అమ్మిపెట్టేవాళ్ళ తరఫున డెన్మార్క్ నుంచి కిర్‌స్టెన్ అనే ఇంజనీర్ మా ఇంటికే వచ్చి చూస్తుంది. పైపులేసుకున్న ఊళ్ళు పోగా మిగిలిన యూరప్ మొత్తానికి మా మెషిన్ పంపాలో వద్దో చెప్పేది ఆవిడే. ఆవిడ సరేనంటే ప్రాజెక్ట్ ఉంటుంది, నేనుంటాను. మధ్యలో ఆగిందా, శుక్రవారం అట్టపెట్టె నాదే. రోజుకి పదిసార్లు కిందికెళ్ళి గంటల మీటర్ చూసొచ్చేవాణ్ణి. వాణి, అదే మా ఆవిడ, నన్ను కూడా ఎప్పుడైనా అలా చూశారా అని అడిగింది.

ఇంతలో మా అత్తగారికి గుమ్మడి వడియాలు పెట్టాలనిపించింది. ఇండియన్ స్టోర్‌లో బూడిద గుమ్మడికాయ దొరికింది. పప్పు నానింది, రుబ్బడం అయింది. తీరా చూస్తే బయట మోకాలి లోతు మంచు. ఈ దేశంలో ఎండ ఉంటుంది గానీ అందులో వేడి ఉండదండీ అని ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఒకటే బాధపడ్డారు. నాకా, వడియాలంటే ప్రాణం. నోరు ఊరుకుంటుందా? కింద మెషిన్ రూమ్‌లో బోలెడు వేడి వేస్ట్ అవుతోంది, అక్కడ పెట్టండి అన్నాను. వేడి పారబోయకూడదని ఊరంతా చెప్పేవాణ్ణి నేనే కదా.

బుధవారం పాత పంచె పరిచి పెట్టారు. శుక్రవారానికి పైన ఎండాయి, అడుగున పచ్చి. కారణం నాకు తెలుసు. ఇంజన్ మండాలంటే గాలి కావాలి కదా, అందుకని ఆ గదిలో గోడకి ఒక గొట్టం పెట్టారు. బయటి గాలి అందులోంచి వస్తుంది. ఫిబ్రవరి, మిషిగన్. ఆ గాలి తిన్నగా వడియాల మీదికి కొడుతోంది.

ఇప్పుడు నేను చెప్పేది విని నవ్వకండి. టెస్ట్‌లో ఉన్న మిగతా ఇళ్ళన్నిటికీ వెళ్ళి, ఈ గొట్టానికి ఎట్టి పరిస్థితుల్లోనూ అడ్డం పెట్టకండని చెప్పొచ్చింది నేనే. అలాంటివాణ్ణి శనివారం పొద్దున్న కాఫీ తాగి, కిందికెళ్ళి, ఒక టవల్ మడిచి ఆ గొట్టంలో కుక్కాను. ఒక్క పూటే కదా అనుకున్నాను. వేడి బయటికి పోకుండా గది తలుపు కూడా బిగించి వేసి పైకొచ్చాను.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను ఫ్యామిలీ రూమ్‌లో రిపోర్ట్ దిద్దుకుంటున్నాను. మా కావ్య, ఏడేళ్ళు దానికి, బేస్‌మెంట్‌లో టీవీ చూస్తోంది. కీ కీ కీ కీ అని అలారం మొదలైంది. మన ఇళ్ళలో అలారం మోగితే ఏం చేస్తాం? పోపు అనుకుంటాం. నేనూ అంతే. కుర్చీ ఎక్కి, కిచెన్ బయట స్మోక్ అలారంలో బ్యాటరీ అలవాటుగా పీకేశాను. ఇంకా మోగుతోంది. పత్రిక తీసుకుని విసనకర్రలా ఊపాను. ఇంకా మోగుతోంది. ఆ ఎండుమిరపకాయలేవో తర్వాత వేయిద్దురు గానీ అత్తయ్యగారూ అని కేకేశాను.

మా అత్తగారు బాత్‌రూమ్‌లోంచి తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. “నేనింకా స్టవ్ వెలిగించనే లేదు అల్లుడుగారూ,” అన్నారు.

కుర్చీ మీద నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను. చేతిలో బ్యాటరీ. మోత పై నుంచి కాదు, కింద నుంచి. కింద ఉన్నది పొగ అలారం కాదు, కార్బన్ మోనాక్సైడ్‌ది. మా కంపెనీయే పెట్టింది. ఆ గ్యాస్‌కి రంగుండదు, వాసనుండదు, మనిషికి నిద్రొచ్చినట్టుంటుంది, అంతే. ఇంజన్‌కి గాలి చాలక బయటికి పోవాల్సిన పొగని పొగగొట్టాల్లోంచి ఇంట్లోకి వెనక్కి లాక్కుంటోందని నాకు ఒక్కసారిగా అర్థమైంది. మెట్లు ఎలా దిగానో తెలీదు.

కావ్య సోఫాలో ఒరిగి కూర్చుంది. టీవీ నడుస్తోంది, అది చూడట్లేదు. “నాన్నా, నా హెడ్ హర్ట్ అవుతుంది,” అంది.

దాన్ని ఎత్తుకున్నాను. తలుపు తన్ని తెరిచాను, మెషిన్ ఆపుదామని. ఎర్ర బటన్ నా చేతికి అందేంత దూరంలో ఉంది. దాని పక్కనే మీటర్. తొమ్మిది వందల యాభై ఎనిమిది. ఇంకా నలభై రెండు గంటలు. నొక్కితే సున్నా. ఒట్టేసి చెబుతున్నాను, ఒక్క క్షణమే, కానీ ఆ క్షణం నా చెయ్యి లేవలేదు. పిల్లని భుజాన వేసుకుని మీటర్ చూస్తూ నిలబడ్డాను. అప్పటికే నా వెనకాల దిగిన వాణి నన్ను పక్కకి తోసి అరచేత్తో ఆ బటన్ మీద ఒక్కటి కొట్టింది. పిల్లని నా దగ్గర్నుంచి లాక్కుని పైకి పరిగెత్తింది. ఆ రోజు దానికి ఏమైనా అయ్యుంటే?

బయట మంచులో నిలబడ్డాం. నేను హవాయి చెప్పుల్లో, మా అత్తగారు చీర మీద నా ఆఫీస్ జాకెట్‌తో. వాణి పిల్లని నాకివ్వకుండానే నైన్ వన్ వన్‌కి ఫోన్ చేసింది, ఫైర్ ఇంజన్, అంబులెన్స్ వచ్చాయి. అంబులెన్స్ వాళ్ళు కావ్య వేలికి ఏదో తగిలించి, మొహానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. మాస్క్‌లోంచి అది నాకేసి చూస్తుంటే తల దించుకున్నాను. తర్వాత హాస్పిటల్‌లో రక్తం తీసి చూసి, భయం లేదు, టైమ్‌కి బయటికి తెచ్చారన్నారు.

దానికి ముందు ఫైర్ వాళ్ళ పెద్దాయన లోపల అంతా చూసి బయటికొచ్చాడు. ఒక చేతిలో టవల్, ఇంకో చేతిలో ఒక వడియం. టవల్ సంగతి ఆయనకి అర్థమైంది. వడియాన్నే అటూ ఇటూ తిప్పి, ఇది ఏ రకం ఇన్సులేషన్ అని అడిగాడు. తినేదని చెబితే ఎంతో జాగ్రత్తగా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక ఆదివారం. మెషిన్ ఎందుకు ఆగిందో లాగ్‌బుక్‌లో రాయాలి. పెన్ను పట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. కరెంటు పోయిందని రాద్దామా అంటే కరెంటు పుట్టించేదే అది. నా మొహం చూసి మా అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

“నేనే పెట్టానని రాసెయ్యండి. నన్నేం చేస్తారు? ఏప్రిల్‌లో ఎలాగూ వెళ్ళిపోతాను.”

ఛీ ఛీ అనాల్సింది. అనలేదు. ఇంట్లో పెద్దావిడ తెలియక అడ్డం పెట్టారు అని చక్కటి ఇంగ్లిష్‌లో రాశాను. వాణి అది చదివి, పుస్తకం మూసేసి, లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం గ్రెగ్, కిర్‌స్టెన్ వచ్చారు. ఆవిడ సన్నగా, నిదానంగా, అన్నీ రెండుసార్లు చదివే మనిషి. లాగ్‌బుక్ చదివింది. మళ్ళీ చదివింది. ఆ పెద్దావిడతోనే మాట్లాడాలి, మీరు ట్రాన్స్‌లేట్ చెయ్యండి, ఆవిడ ఆ గొట్టం ఎందుకు మూశారో అడగండి అంది. గ్రెగ్ మొహంలో రంగు లేదు. నా మొహం సంగతి ఇక నేను చెప్పక్కర్లేదు.

తెలుగులో అడిగాను. మా అత్తగారు చెంగు సర్దుకుని మొదలుపెట్టారు. తాను చదువుకోలేదని, యంత్రాలంటే తెలీదని, బంగారంలాంటి అల్లుడుగారు వద్దు వద్దు అంటున్నా వినలేదని, తప్పంతా తనదేనని, కళ్ళు కూడా ఒత్తుకున్నారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్స్ చెప్పిన మనిషండీ ఆవిడ. అంతా అయ్యాక ముగ్గురూ నాకేసి చూశారు, ఇప్పుడు చెప్పు అన్నట్టు. గుమ్మం దగ్గర వాణి కూడా చూస్తోంది. ఉద్యోగం, వీసా, ఇల్లు అన్నీ నా నాలిక చివర ఉన్నాయి. నోరు తెరిస్తే ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క ముక్కకీ ఇంగ్లిష్ రాలేదు.

“నేనే పెట్టాను,” అన్నాను. వడియాల దగ్గర్నుంచి, మీటర్ చూస్తూ చెయ్యి లేవకపోవడం దాకా మొత్తం కక్కేశాను.

కిర్‌స్టెన్ లేచి కిందికి దిగింది, వెనకాలే మేమూ. గొట్టం దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది అంది. తమ దేశంలోనూ చలికి జనం ఇలాంటి గొట్టాల్లో పాత స్వెటర్లు కుక్కుతారట. రిపోర్ట్ రాసిన ఇంజనీరే టవల్ పెట్టాడంటే, ఇక మిగతా యూరప్ ఊరుకుంటుందా అంది. గాలి ఆగిన మరుక్షణం మెషిన్ తనంతట తాను ఆగిపోయేలా చెయ్యండి, చేసి మళ్ళీ మొదటి గంట నుంచి నడపండి, అది సరిగ్గా నడిస్తే ప్రాజెక్ట్‌కి నేను అడ్డు చెప్పను అని గ్రెగ్‌కి చెప్పింది. నేను గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాను. మా అత్తగారు మాత్రం, అంత కష్టపడి ఏడ్చిందంతా దండగైపోయిందే అన్నారు.

అలా ఉద్యోగం నిలబడింది. మార్పు చేశాం, వెయ్యి గంటలూ నడిచింది, మెషిన్లు ఓడ ఎక్కబోతున్నాయి. మొన్న యూజర్ మాన్యువల్ అచ్చై వచ్చింది, పదకొండు భాషల్లో. మొదటి పేజీలో భాషతో పనిలేని బొమ్మ ఒకటి వేశారు. ఒకతను గోడలో గొట్టంలోకి గుడ్డ కుక్కుతుంటాడు, వాడి మీద అడ్డంగా ఎర్ర గీత. వాణి దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి చూసి, ఏవండీ, ఈ పొట్టా మీసాలూ మీవే కదూ అంది. అనుమానమొచ్చి గ్రెగ్‌ని అడిగితే, ఆర్టిస్ట్‌కి మోడల్ కావాలంటే ఆఫీస్ పిక్నిక్‌లో నీ ఫోటో పంపాంలే అన్నాడు. జర్మనీలో మా మెషిన్‌కి ఎంత పొటెన్షియల్ ఉందో, హాలండ్‌లో ఎంతుందో అరవై పేజీలు రాశాను, ఎవడు చదివాడో తెలీదు. నా బొమ్మ మాత్రం ఇంటింటికీ వెళ్తుందట, ఇలాంటి పని చెయ్యకండని చెప్పడానికి.